స్మిత్ అను ఇంటిపేరు

ఆంగ్లేయుల ఇంటిపేర్లను గూర్చిన పుస్తకములు కొన్ని ప్రతి పేరునకు నొక వంశచిహ్నమును జూపి చదువరులను మురిపించుచున్నవి. ఈ పద్ధతిని మేము మెచ్చజాలము. ఇంగ్లండున నట్టి చిహ్నము దానిని బడసిన వ్యక్తికిని వాని సంతతికిని జెందునే కాని పేరునకు జెందదు.

స్మిత్ అను పేరునే చూతము. ప్రాచీనాంగ్లమున దాని యర్థము లోహకారుడు. ఊరూర కొలిమి యుండుటచే, మధ్యయుగమున వృత్తినామము వంశనామమైనప్పుడు, పరస్పర సంబంధము లేని కుటుంబములు పెక్కు లీ పేరు వహించెను. 2010 జనాభా లెక్కలలో అమెరికాయందు 24,42,977 మంది స్మిత్తులుండిరి. నూటికి సుమారు 23 మంది నల్లజాతివారు, వారిలో పెక్కురు బానిసల సంతతి. వలస వచ్చిన జర్మను ష్మిట్‌లు పలువురు నచ్చట స్మిత్తులైరి. ఇందఱికి నొక్క చిహ్నమెట్లు పొసగును? దాస్యమును, వలసను మఱుగుపఱచి గర్వమును బెంచుట చరిత్రరచన గాదు. కమ్మరి పేరు కమ్మరి పేరుగా నుండుటయే దానికి గౌరవము.