కప్ప తిండి మానేసినప్పుడు

నిన్నటిదాకా కీచురాయి కదిలితే చాలు ఎగిరి పట్టుకున్న కప్ప, ఈ పూట దాన్ని తన ముక్కు మీదుగా పాకనిచ్చి ఊరుకుంటుంది. పెంచేవారి గుండె జారేది అప్పుడే. ఒంట్లో బాగోలేకపోతే కుక్క మూలుగుతుంది. కప్ప మూలగదు. తిండి మానేయడమొక్కటే అది చెప్పగలిగే మాట.

ఆస్ట్రేలియా పచ్చ చెట్టుకప్పనే తీసుకుందాం. అక్కడికి వెళ్లిన సర్జన్ జాన్ వైట్ పేరుమీద 1790 నుంచీ శాస్త్రానికి తెలిసిన జీవి ఇది. పది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, బాగా చూసుకుంటే పదిహేనేళ్లు దాటి బతుకుతుంది. న్యూ సౌత్ వేల్స్‌లో దీన్ని పెంచాలంటే లైసెన్సు తీసుకోవాలి. అన్నేళ్లు కళ్లముందు తిరిగిన ప్రాణి పస్తుంటే ఇంట్లోవాళ్లకు ముద్ద దిగదు.

అందుకే చాలామంది తొందరపడి దాని నోరు తెరిచి పురుగును లోపలికి తోస్తారు. అది ప్రమాదం. కాల్షియం తక్కువైన కప్పకు దవడ ఎముక మెత్తబడి ఉంటుంది, కాస్త గట్టిగా నొక్కితే విరిగిపోతుంది. నోటికంటే ముందు చూడాల్సింది గాజు తొట్టిలోని థర్మామీటరును. కప్ప తన వేడి తాను పుట్టించుకోలేదు. తొట్టి చల్లబడితే అరుగుదల మందగిస్తుంది, బలవంతాన మింగించిన పురుగు కడుపులోనే కుళ్లుతుంది. ఈ చెట్టుకప్పకు పగలు 24 నుంచి 29 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. చలికి ముడుచుకున్న కప్ప తినకపోవడం దాని మంచికే. లంఖణం పరమౌషధమన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం.

అర్జెంటీనా వైపు దొరికే కొమ్ముకప్ప ఇంకో అడుగు ముందుకేస్తుంది. తేమ తగ్గితే మట్టిలో దూరి, విడిచిన చర్మపు పొరలనే ఒంటికి తొడుగులా చుట్టుకొని, వానలు పడేదాకా ఏమీ తినకుండా పడుంటుంది. అది రోగం కాదు.

తర్వాత నీళ్లు. కప్ప నోటితో తాగదు, పొట్టకింది పలచని చర్మంతో పీల్చుకుంటుంది. కాబట్టి కుళాయి నీటిలోని క్లోరిన్, మన చేతికంటిన సబ్బు, లోషన్ అన్నీ తిన్నగా దాని ఒంట్లోకి పోతాయి. కైట్రిడ్ అనే ఫంగస్ దెబ్బతీసేదీ ఆ చర్మాన్నే. 2009లో శాస్త్రవేత్తలు ఈ పచ్చ చెట్టుకప్పల మీదే పరిశీలించి, ఆ ఫంగస్ ఎలా చంపుతుందో తేల్చారు. చర్మం పాడై రక్తంలో సోడియం, పొటాషియం పడిపోతాయి, చివరికి గుండె ఆగిపోతుంది. తిండి మానేయడంతోపాటు పదేపదే చర్మం విడుస్తున్నా, తొడల కింద ఎర్రబారినా ఇక ఇంటి వైద్యం పనికిరాదు.

అన్నిటికంటే మనసును కలచేది మరొకటుంది. కప్పకు ఆకలి ఉంటుంది, పురుగు మీదికి దూకుతుంది, నాలుక తగులుతుంది, పురుగు మాత్రం అంటుకోదు. మళ్లీ దూకుతుంది, మళ్లీ జారిపోతుంది. చూసేవారికి గురి తప్పినట్టే అనిపిస్తుంది. అమెరికాలో అంతరించే దశకు చేరిన వ్యోమింగ్ గోదురుకప్పలను కాపాడాలని తెచ్చి పెంచినప్పుడు ఈ జబ్బు బయటపడింది. విటమిన్ ఎ చాలకపోతే నాలుకమీద జిగురు ఊరే గ్రంథులు మొద్దుబారి గట్టిపడతాయి. ఉత్త కీచురాళ్లలో ఆ విటమిన్ బాగా తక్కువ. రోజూ అదే పెట్టి, తినలేదని కప్పనే తప్పుపట్టడం అన్యాయం. అలాగని విటమిన్ చుక్కలు ఇష్టమొచ్చినట్టు వేయకూడదు, ఎక్కువైనా చేటే. మోతాదు పశువైద్యులు చెప్పాలి.

నీరసించిన కప్పను వైద్యులు పలుచటి రింగర్ ద్రావణంలో, పొట్ట తడిసేటంత లోతులో కూర్చోబెడతారు. ఈ పేరు మనకు కొత్త కాదు. మన ఆసుపత్రుల్లో ఎక్కించే ఆర్‌ఎల్ సెలైన్‌లో ‘ఆర్’ అంటే రింగరే. లండన్ వైద్యుడు సిడ్నీ రింగర్ 1880లలో కప్ప గుండెను ఉప్పునీటిలో ఉంచి పరీక్షిస్తుండేవాడు. డిస్టిల్డ్ వాటర్‌తో చేసిన ద్రావణంలో గుండె కాసేపటికే ఆగింది, కుళాయి నీటితో చేసినదాంట్లో కొట్టుకుంటూనే ఉంది. కుళాయి నీటిలోని కాల్షియమే అందుకు కారణమని ఆయన 1883లో ప్రకటించాడు. దానికి అమెరికా వైద్యుడు హార్ట్‌మన్ 1930లలో లాక్టేట్ చేర్చాడు. విరేచనాలతో వాడిపోయిన మన పిల్లలకు ఎక్కించే సీసా వెనుక కప్ప గుండె ఉంది. ఆ కప్ప జబ్బుపడితే ఓపిక పట్టడం మనం చేయగలిగిన చిన్న పని.

కోలుకుంటున్న కప్ప తొలి ముద్దను దగ్గరగా చూడాలి. పురుగు నోట్లో పడగానే రెండు కళ్లూ మూసుకుపోయి తలలోపలికి దిగిపోతాయి. నొప్పి కాదది, కనుగుడ్లే లోపలినుంచి నొక్కి తిండిని గొంతులోకి తోస్తాయి. పెంచేవారు రోజుల తరబడి ఎదురుచూసేది ఆ ఒక్క రెప్పపాటు కోసమే.

ఇంట్లో కప్ప ఉన్నవారు గ్రాముల్లో తూచే చిన్న త్రాసు ఒకటి కొనుక్కోండి. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో తడి టిష్యూ వేసి తూచండి. తర్వాత కప్పను అందులో కూర్చోబెట్టి మళ్లీ తూచి, తేడాను తేదీతో సహా రాసిపెట్టండి. వారానికొకసారి చాలు. పూట తప్పినా బరువు నిలకడగా ఉంటే ఆగండి. వారం వారం తగ్గుతుంటే ఆ కాగితం పట్టుకొని పశువైద్యుల దగ్గరికి వెళ్లండి.