గుడ్లు కాపాడితే చాలదు

సముద్రపు తాబేళ్లను కాపాడాలనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేవి గుడ్లు. కుక్కలూ నక్కలూ తవ్విపోయకుండా వాటిని ఏరితెచ్చి, కంచె కట్టిన ఇసుకలో పాతి, పిల్లలయ్యాక నీళ్లలో వదలడం మన కోస్తాలోనూ ఏళ్లుగా సాగుతోంది. మంచి పని. అదొక్కటే చాలదని ఒక లెక్క చెప్పింది.

1987లో అమెరికాలో డెబొరా క్రౌస్, లారీ క్రౌడర్, హాల్ కాస్వెల్ అనే శాస్త్రవేత్తలు లాగర్‌హెడ్ తాబేలు జీవితాన్ని ఏడు దశలుగా విడదీశారు. ఒక్కో దశలో ఏటా ఎన్ని బతుకుతాయి, ఎన్ని పై దశకు చేరతాయి, ఎన్ని గుడ్లు పెడతాయి అన్న అంకెల్ని ఒక మాత్రికగా పేర్చారు. సంతతి ఏటా సుమారు 5 శాతం తరుగుతోందని తేలింది.

ఆ మాత్రికను నేను ఎక్సెల్‌లో వేసుకుని చూస్తుంటాను. మొదటి ఏడాది బతికే వంతు 0.67 తీసి 1 పెడతాను. అంటే ఒక్క గుడ్డూ, ఒక్క పిల్లా పోలేదన్నమాట. అయినా తరుగుదల ఆగదు! అదే, కాస్త ఎదిగిన పెద్ద పిల్లల దగ్గర 0.68ని 0.77 చేస్తే సంఖ్య పెరగడం మొదలవుతుంది. గుడ్లు పెట్టే ఈడు రావడానికి ఇరవై ఏళ్లు దాటే జీవికి నడిమి వయసు చావులే అసలు దెబ్బ.

ఆ చావులకు పెద్ద కారణం రొయ్యల ట్రాల్ వలలు. తాబేలు ఊపిరికి పైకి రావాల్సిందే. గంటల తరబడి లాగే వలలో చిక్కితే చస్తుంది. అందుకే వలలో ‘టెడ్’ అనే కమ్మీల చట్రం బిగిస్తారు. రొయ్యలు కమ్మీల సందుల్లోంచి వెనక సంచిలోకి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి దాని దగ్గరి కంతలోంచి బయటపడుతుంది. అమెరికాలో టెడ్‌ను తప్పనిసరి చేసిన నిబంధనకు ఈ లెక్క గట్టి ఊతమిచ్చింది. మన కోసం కొచ్చిలోని మత్స్య సాంకేతిక సంస్థ సీఐఎఫ్‌టీ కూడా ఒక టెడ్ తయారుచేసింది. ఆ కంతలోంచి తాబేలుతో పాటు కొంత రొయ్యా పోతుందని మత్స్యకారుల భయం. ఆ నష్టం వాళ్ల నెత్తినే వేయడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. ఏ మాత్రికా ఆ సంగతి తేల్చదు, ప్రభుత్వమే తేల్చాలి.

మన తూర్పు తీరంలో ఏటా చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లకు వచ్చేది ఎక్కువగా జనవరి నుంచి మార్చి లోపే. అంటే ఆ నిషేధం వాటికి పెద్దగా అక్కరకు రాదు. పైగా లాగర్‌హెడ్ అంకెల్ని రిడ్లేలకు అతికించలేం, ఇవి ఇంకా త్వరగా ఈడుకొస్తాయి. మన అంకెలు మనకుండాలి. చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేలు కనిపిస్తే అటవీ సిబ్బందికి చెప్పండి. పూడ్చేముందు డిప్ప పొడవు, తేదీ, ఊరు రాసుకోమని అడగండి. ఏ వయసువి ఎక్కువ పోతున్నాయో ఆ పొడవుల్ని బట్టే అంచనా కట్టగలం.