పంచకల్యాణి: రంగు పేరా, గుర్తుల లెక్కా?

మదురై నుండి దిండిగల్లు వెళ్లే దారిలోని వాడిపట్టి వంటి ఊళ్ల నుండి వచ్చే మన విద్యార్థులలో పలువురికి తెలుగు చెవితో వచ్చింది, చదువు తమిళంలో సాగింది. ఇంటివద్ద విన్న కథలను వారు రాసి తెచ్చినప్పుడు "పంచకల్యాణి గుర్రం" అన్న మాటకు రెండు అర్థాలు కనబడుతున్నాయి. ఒకటి 'ఐదు పెళ్లిళ్ల గుర్రం', రెండవది 'తెల్లగుర్రం'. రెండూ సరికావని మా అభిప్రాయం.

మొదటి పొరపాటుకు కారణం స్పష్టమే. తమిళంలో కల్యాణమంటే వెంటనే స్ఫురించేది పెళ్లి. తెలుగువాడుకలో మనుషులకు జరిగేది పెళ్లి, దేవుళ్లకు జరిగేది కల్యాణం. సంస్కృతంలో ఈ మాటకు శుభమని అర్థం. గుర్రపు పేరులో నిలిచినది ఈ అర్థమే. నాలుగు కాళ్లు, ముఖం, ఈ ఐదు చోట్లా తెలుపున్న గుర్రం పంచకల్యాణి.

రెండవ పొరపాటు ఇంతకన్న పెద్దది. ఒళ్లంతా తెల్లనిదైతే ఐదు చోట్ల తెలుపును లెక్కించే పనేమున్నది? మేనికి వేరొక రంగు ఉన్నప్పుడే ఈ పేరు పొసగుతుంది. అరబ్బీ నుండి ఉర్దూలోకి వచ్చిన 'కుమైత్' మేనిరంగు పేరు. ఎరుపు నలుపు కలసిన ఛాయ. కుమైత్ గుర్రమే పంచకల్యాణి కూడా కావచ్చును. పంజాబులో నల్లని నీలీరావి గేదెను సైతం దాని ముఖం, కాళ్లు, తోకకుచ్చు మీది తెలుపును బట్టి పంచకల్యాణి అంటారు.

12వ శతాబ్దపు హేమచంద్రుని 'అభిధానచింతామణి' ఈ విషయంలో గమనింపదగినది. అందులో గుర్తులను బట్టి వచ్చిన పంచభద్రం, అష్టమంగళం అనే పేర్లున్నాయి. భద్రం, మంగళం, కల్యాణం సమానార్థకాలే. అయితే పంచభద్రానికి చెప్పిన చోట్లు రొమ్ము, వీపు, ముఖం, రెండు పక్కలు. కనుక దానిని పంచకల్యాణితో ఒకటి చేయరాదు. అదే గ్రంథం తెల్లగుర్రానికి కోకాహమని, ఎర్రదానికి కియాహమని పేర్లిచ్చింది. సంస్కృత ధాతువులకు లొంగని ఇటువంటి మాటలు గుర్రాల వర్తకంతో వచ్చాయని పండితుల ఊహ. అమ్మేవాడు రంగుపేరు తెచ్చాడు. శుభాశుభాల లెక్క కొనేవాడు వేసుకొన్నాడు.

మదురై నాయకుల పాలన 1736తో ముగిసింది. వారి గుర్రపుసాలలు పోయినా ఈ మాట అవ్వల నోట నిలిచింది. దానిని 'తెల్లగుర్రం' అని రాసుకొంటే కథలోని గుర్రమే మారిపోతుంది. ఇకమీదట కథ సేకరించేటప్పుడు మాటను ఉన్నదున్నట్లు రాసుకొని, ఆ గుర్రం మేనిరంగేమిటని అవ్వనే అడగండి. ఆమె చెప్పే రంగుపేరు కూడా మనకు కావలసినదే.