కొత్త వాడుకరి – లినక్స్ డెస్క్‌టాప్ పరిసరాలు: ‘సౌలభ్యం’ అనే ప్రమాణంపై విమర్శ

1. ప్రవేశిక:

లినక్స్ అనేది నిజానికి కంప్యూటరు లోపల పనిచేసే కెర్నల్ పేరు. కొత్త వాడుకరికి కంటికి కనిపించేది, చేతికి అందేది డెస్క్‌టాప్ పరిసరం. మెనూలు, ప్యానెళ్ళు, విండోల అంచులు, సెట్టింగులు దాని పరిధిలోనివే. గ్నోమ్, కేడీఈ ప్లాస్మా, సినమన్, ఎక్స్‌ఎఫ్‌సీఈ వీటిలో ప్రసిద్ధమైనవి. వీటిని పోల్చే రచనలు తరచుగా ‘కొత్తవారికి ఏది సులభం?’ అనే ప్రశ్నతో మొదలై, విండోస్‌ను పోలినదానికే పట్టం కడతాయి. ఈ తీర్పు అలవాటును సౌలభ్యంగా పొరబడుతున్నదని, తెలుగు వాడుకరి విషయంలో ఈ లోపం మరింత స్పష్టమవుతుందని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. రూపకల్పనలో దృక్పథభేదం:

కేడీఈ 1996లో మొదలైంది. దానికి ఆధారమైన క్యూటీ లైబ్రరీ లైసెన్సుపై అభ్యంతరాలతో 1997లో మిగెల్ డె ఇకాజా, ఫెడెరికో మేనా గ్నోమ్‌కు శ్రీకారం చుట్టారు. 2011లో వెలువడిన గ్నోమ్ 3 పాత పద్ధతిని విడిచిపెట్టింది. విండోల జాబితా పట్టీ, మినిమైజ్ బటన్ తొలగిపోయాయి. సూపర్ కీ నొక్కితే తెరచి ఉన్న విండోలన్నీ ఒకేచోట కనిపించే ఏర్పాటు వచ్చింది. ఈ మార్పు రుచించనివారికి ప్రత్యామ్నాయంగా లినక్స్ మింట్ బృందం సినమన్‌ను రూపొందించింది. ప్లాస్మా దాదాపు ప్రతి అంశాన్నీ వాడుకరి ఇష్టానికి వదిలింది.

విండోస్‌కు అలవాటుపడిన అధ్యాపకునికి గ్నోమ్‌లో మినిమైజ్ బటన్ లేకపోవడం లోపంగా తోస్తుంది. మొబైల్ ఫోన్‌తోనే పెరిగిన విద్యార్థికి తెరనిండా పరచుకున్న చిహ్నాల వరుసలు పరిచితంగానే ఉంటాయి. పరిసరం ఒకటే అయినా అనుభవాలు రెండు. కాబట్టి ‘కొత్త వాడుకరి’ అనే ఏకవచనమే పరిశీలించదగినది.

3. పంపిణీ వేరు, పరిసరం వేరు:

ఉబుంటు 2017లో తన యూనిటీని వదిలి 17.10 సంచికతో గ్నోమ్‌కు మారింది. అయితే ఎడమవైపు డాక్‌ను, మినిమైజ్ బటన్‌ను తానే చేర్చింది. ఫెడోరా వర్క్‌స్టేషన్ గ్నోమ్‌ను దాదాపు మూలరూపంలోనే అందిస్తుంది. ఉబుంటును చూసి గ్నోమ్‌పై తీర్పు చెప్పేవారు ఉబుంటు చేసిన మార్పులను కూడా గ్నోమ్ ఖాతాలో వేస్తున్నారు.

4. తెలుగు టైపింగ్ అనే పరీక్ష:

తెలుగులో సిద్ధాంతగ్రంథం రాసే పరిశోధకునికి మెనూ ఏ మూల ఉన్నదనేది రెండో ప్రశ్న. తెలుగు టైపు చేయడం ఎలా అన్నదే మొదటిది. ఇన్‌స్క్రిప్ట్ వచ్చినవారికి ఇబ్బంది తక్కువ. ఈ పరిసరాలన్నింటిలోనూ కీబోర్డు లేఅవుట్‌గా తెలుగును చేర్చుకోవచ్చు. ఆంగ్లాక్షరాలతో ఉచ్చారణను అనుసరించి టైపు చేసేవారికి ఐబస్, ఎఫ్‌సీఐటీఎక్స్ వంటి సాధనం అవసరం. గ్నోమ్ ఐబస్‌ను తనలో కలుపుకొన్నది. సెట్టింగులలోని కీబోర్డు విభాగంలోనే తెలుగును జోడించి, సూపర్, స్పేస్ కీలతో భాష మార్చుకోవచ్చు. వేలండ్‌పై నడిచే ప్లాస్మాలో ఎఫ్‌సీఐటీఎక్స్‌ను ‘వర్చువల్ కీబోర్డు’ అనే శీర్షిక కింద ఎంచుకోవాలి. ఎదుట అసలు కీబోర్డు ఉన్నవారు ఆ శీర్షికను తెరచి చూడరు. విండోస్‌ను ఎక్కువగా పోలిన ప్లాస్మా ఇక్కడ కొత్తవారిని తడబడేలా చేస్తుంది; పోలిక లేదని నిందపడిన గ్నోమ్ ఇక్కడ దారి చూపుతుంది.

అంతమాత్రాన గ్నోమ్‌దే పైచేయి అనడం తొందరపాటు. తక్కువ మెమరీ గల పాత కంప్యూటర్లున్న కళాశాల ప్రయోగశాలకు తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎక్కువ ఉపకరిస్తుంది. అక్కడ తెలుగు టైపింగ్ సాధనాన్ని ఒకసారి అమర్చిపెట్టే బాధ్యత ప్రయోగశాల నిర్వాహకునిది.

5. ముగింపు:

ఏది సులభమన్న ప్రశ్నకు ఎవరికి, ఏ పనికి, ఏ యంత్రంపై అన్న మూడు విశేషణాలు చేరితేనే జవాబుకు అర్థం ఉంటుంది. తెలుగు పేరుతో ఫైలును భద్రపరచడం, ఒకే పేరాలో రెండు భాషలు మార్చి రాయడం, సంయుక్తాక్షరాలు చెదరకుండా ముద్రించడం వంటి పనులను ముందుగా నిర్ణయించుకొని, ఒకే పంపిణీపై వేర్వేరు పరిసరాలను పరీక్షించడం సరైన పద్ధతి. అలా చేయని తులనాత్మక రచన పరిసరాన్ని గాక రచయిత పాత అలవాట్లను మాత్రమే కొలుస్తుంది.