పసివారి నోటి దుర్భాష

మా కణేకల్లులో ఒకనాటి మధ్యాహ్నము బడిపిల్లలు భోజనమునకై పళ్లెములు పట్టుకొని వరుసగా నిలిచియుండగా, ఒకటవ తరగతి పిల్లవాడొకడు తన ముందున్నవానిని గట్టిగా ఒక మాట అనెను. ఆ మాటను ఇచ్చట వ్రాయ మనసొప్పదు. ఈ సీమవారికి దానిని జ్ఞాపకము చేయనక్కఱలేదు; తక్కినవారికి నేర్పనక్కఱలేదు. వంటచేయు అమ్మలు నోళ్లపై చేతులుంచుకొనిరి. పెద్ద తరగతుల పిల్లలు నవ్విరి. మేము వానిని దగ్గఱకు పిలిచి, "ఎందుకురా అట్ల అంటివి?" అని యడిగితిమి. వాడు జంకులేకుండ, "వాడు ముందరికి పోలేదు సార్. ఎద్దు నడవకపోతే మా నాయన అట్లే అంటాడు" అని చెప్పెను.

వాని తండ్రికి కబురు పంపితిమి. అది మా తప్పని తరువాత తెలిసినది. ఆయన చేనిపని విడిచి వచ్చి, సంగతి విని, మా యెదుటనే కొడుకును చెంపపై కొట్టి, "ఇట్లాంటి మాటలు యాడ నేర్చుకుంటివిరా?" అని యఱచుచు, ఆ ప్రశ్న చివర ఆ మాటనే చేర్చెను. తానన్నది తన చెవికి వినబడినట్లు లేదు. పిల్లవాడు ఏడ్చుచు ఒకమాఱు తండ్రి మొగమును, ఒకమాఱు మా మొగమును చూచెను. ఆ చూపులోని ప్రశ్నకు మాయొద్ద జవాబు లేకపోయినది. దానిని వెదకుటకే ఈ వ్యాసము.

మొదట పిల్లవానికి తెలిసినదేమో విచారింతము. వాని నిఘంటువులో ఆ మాటకు "కదులు" అనియే యర్థము. స్విట్జర్లాండు దేశపు పండితుడు జీన్ పియాజే బాలుర నీతివిచక్షణమును గుఱించి 1932లో ప్రకటించిన గ్రంథమున ఒక విచిత్రము గలదు. అబద్ధమనగా నేమి యని పసివారి నడుగగా, చిన్న వయసువారు తఱచుగా "చెడ్డమాట" యని చెప్పుచు వచ్చిరి. అబద్ధమును, తిట్టును రెండును నోటితో చేయు పనులు. రెండింటికిని పెద్దలు కోపపడుదురు. కావున వారి లెక్కలో రెండును ఒకటే. అనగా పసివానికి తెలిసినది నిషేధమే కాని, నిషేధమునకు గల కారణము కాదు. అమెరికాలో క్రిస్టిన్ జే, తిమొతీ జే అనువారు 2013లో ప్రకటించిన పరిశోధనమును బట్టి, పిల్లలు బడిలో చేరునాటికే పెద్దల తిట్లలోని మూలాంశములను గ్రహించియుందురు. కాబట్టి "బడికి పోయి చెడిపోయినాడు" అను తలిదండ్రుల ఫిర్యాదును, "ఇంటిలో నేర్చి వచ్చినాడు" అను మావంటి ఉపాధ్యాయుల ఫిర్యాదును, వాదములుగా నిలువజాలవు. ఇల్లును బడియు కలిసియే వానికి గురుకులము.

ఇక మనము దేనిని చెడ్డమాట యనుచున్నామో చూతము. మన యాలంకారికులు అశ్లీలమను దోషమును వ్రీడ, జుగుప్స, అమంగళము అని మూడు విధములుగా విభజించిరి. సిగ్గు కలిగించునది మొదటిది. అసహ్యము కలిగించునది రెండవది. చావు మొదలగు అశుభములను స్ఫురింపజేయునది మూడవది. వామనుడును, మమ్మటుడును కావ్యములను దృష్టిలో నుంచుకొని చేసిన ఈ విభాగము మన వీధులకు ఆశ్చర్యకరముగా సరిపోవును. మన తిట్లన్నియు ఇంచుమించుగా ఈ మూడు అరలలో నిమిడిపోవును.

అయితే మన ఇండ్లలో ఈ మూడింటికిని సమానమైన శిక్ష లేదు. బిడ్డ వ్రీడాకరమైన మాట యన్నచో తల్లి నోటిలో కారము పెట్టెదనని బెదరించును. ఆ తల్లియే, పాలు ఒలికిన మాత్రమున, "నీ పాడెగట్ట", "నీ నోట్లో మన్ను పడ" అని యా బిడ్డనే శపించును. కన్నతల్లి నోట కన్నబిడ్డ చావు! శాస్త్రప్రకారము రెండును అశ్లీలములే. న్యాయముగా నాలోచించినచో, అర్థము తెలియక శరీరావయవమును పేర్కొన్న పసివానికంటె, అర్థము తెలిసి చావును కోరిన పెద్దవారి దోషమే యధికము. ఆమె మనసులో ఆ కోరిక లేదని మేమెఱుగుదుము. కాని పసివాని మనసులో మాత్రము ఆ యవయవమున్నదా? తల్లికి ఇచ్చు సందేహఫలము బిడ్డకేల ఈయరాదు?

ఆలంకారికులు లెక్కింపని నాలుగవ తెగ యొకటి కలదు. అది మనుష్యుని తక్కువ చేయు తిట్టు. భర్త పోయిన స్త్రీకి శిరోముండనము చేయించిన సంఘము, ముండితయను నర్థముగల ఆ పదమునే తిట్టుగా మార్చి, భర్త బ్రదికియున్నవారిపైనను, ఆడపిల్లలపైనను విసరుచున్నది. వీరేశలింగముగారు 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిరి. ఆ యాచారము సడలినది, తిట్టు సడలలేదు. గురజాడవారి కన్యాశుల్కమున (1897, మార్పులతో 1909) ఈ పదము పాత్రల నోట అడుగడుగున వినబడును. అది రచయిత అభిరుచి కాదు. ఆ యిండ్లలో మాట ఎట్లు నడచునో చూపుటకే. అగ్నిహోత్రావధానులవారి నోటిదురుసును చూచి నవ్వుకొన్న మనము, అది మన యింటి మాట యని గుర్తింపక పుస్తకము మూయుదుము. కులముల పేర్లను తిట్లుగా వాడుట ఈ తెగలోనిదే. షెడ్యూల్డు కులములవారిని, తెగలవారిని నలుగురిలో కులము పేరుతో దూషించుట 1989 నాటి అత్యాచారముల నిరోధక చట్టమును బట్టి నేరము. అయినను ఆఱేండ్లవాడు తోటివానిని అట్లు పిలిచినపుడు చెంపపై కొట్టిన తండ్రిని మేమింతవఱకు చూడలేదు. అది చెడ్డమాటగా ఆ చెవికి తోచుటయే లేదు.

"వేమన తిట్టలేదా? తిట్లు లేని భాష యుండునా?" యని మమ్ము ప్రశ్నించువారు కలరు. బ్రౌనుదొర 1829లో అచ్చువేయించిన నాటినుండి వేమన్న నోటి కాఠిన్యమును గూర్చి పండితులు వాదించుచునే యున్నారు. ఆయన సమాధి యని కదిరి ప్రాంతపు కటారుపల్లిలో నేటికిని చూపుదురు. ఆయన మా సీమవాడని మాకు గర్వము. కాని వేమన్న తిట్టినది దొంగగురువులను, లోభులను, కులగర్వముగలవారిని. అనగా తనకంటె బలవంతులను. మన తిట్లు ఎవరి వంకకు పోవుచున్నవి? మాటలోని మోటుదనముకంటె అది పాఱు దిక్కును చూచుట విమర్శకునకు ముఖ్యము.

"కఱవుసీమ, నోరు కరకుగా నుండదా?" యని మఱికొందఱందురు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో వేరుసెనగ పండించుకొనువాని కష్టము మే మెఱుగనిది కాదు. కాని ఆ రైతే అప్పిచ్చిన షావుకారు యెదుట, బ్యాంకు అధికారి యెదుట ఎంత మెత్తగా మాటలాడును! కోపము వానలేమి వలన పుట్టినదే కావచ్చును. అది పోవు దారిని మాత్రము వాన నిర్ణయింపలేదు. కణేకల్లు చెఱువు నీరు తూమునుండి పల్లమునకే పాఱునట్లు, మన తిట్టును పల్లమునే వెదకుకొనును: భార్యకు, కూలికి, బిడ్డకు, తుదకు ఎద్దునకు. బిడ్డకు ఎద్దుకంటె పల్లము దొరకలేదు గనుక, తన ముందు నిలిచిన బక్కపిల్లవానిని వెదకుకొనెను.

తలిదండ్రులు చేయదగినది మిక్కిలి కష్టమైనది కాదు. రెండేండ్ల బిడ్డ ముద్దుముద్దుగా తిట్టినపుడు మురిసి, చుట్టములు వచ్చినపుడు మఱల చెప్పించుకొని, ఆ మాటకే అయిదవయేట వీపు చిట్లగొట్టుట అన్యాయము. నవ్వవలదు, అదిరిపడవలదు. నవ్వును, కలవరమును, రెండును ఆ మాటకు కిరీటము పెట్టును. ఏమి కోరి యా మాట యన్నాడో యడిగి, ఆ కోరికకు తగిన మంచిమాట నందింపవలెను. "జరుగు" అను మాట తెలిసినవానికి ఎద్దు తిట్టుతో పనిలేదు. మా యూరు బళ్లారి సీమకు చేరువ. ఇచ్చట పలువురకు తెలుగు కన్నడములు రెండును వచ్చును. కన్నడములో తిట్టిన తిట్టు కాదనుకొను పెద్దలు కలరు. పిల్లల చెవికి అట్టి సరిహద్దు లేదు.

ఇంతవఱకు వ్రాసి, మమ్ము మేము విడిచిపెట్టుట ధర్మము కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగమున శారీరక దండనముతోపాటు మానసిక వేధనమును కూడ నిషేధించినది. మేము బెత్తము విడిచి చాలకాలమైనది, దానికి సంతోషించుచుండెడివారము. ఆ సంఘటన జరిగిన వారమునకు, బడి విడిచిన వెనుక వేపచెట్టు క్రింద నొక చిన్నపిల్ల రాళ్లను వరుసగా పేర్చి, చేత పుల్ల పట్టుకొని బడియాట యాడుచుండెను. ఒక రాతిని పుల్లతో తట్టి, "మొద్దు! ఎన్నిసార్లు చెప్పాల నీకు? గాడిదలు కాయను పో!" అనెను. ఆ మాటల విఱుపు, ఆ విసుగు, చివర తల త్రిప్పుట మావే. మమ్ము చూచి లేచి నిలుచుండి, "నమస్తే సార్" అనెను.

మేమేమియు ననలేదు. మఱునాడు ఆ తండ్రి యింటికి మేమే నడచిపోయి, చావిడిలో ఎద్దుల ప్రక్కన కూర్చుండి, మొదట మా తిట్లను గుఱించి చెప్పుకొంటిమి. ఆయన చాలసేపు నేల చూచి, "నేను అనింది నాకే తెలీలేదు సార్" అనెను. పిల్లవాడు గుంజ చాటునుండి వినుచుండెను.