పంక్తిలో కూర్చోబెట్టిన పనితనం

ఆదివారం పొద్దున హైదరాబాద్‌లోని ఖాజాగూడ గుట్టలెక్కే జనంలో ఎవరి పొట్ట మీద స్టోమా ఉందో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. చొక్కా కింద ఉన్న సంచి చప్పుడు చెయ్యదు, వాసన బయటికి రానివ్వదు, సరిగ్గా అతికిస్తే మామూలు చెమటకు ఊడదు. పక్కనే ఉన్న గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆసుపత్రుల్లో పేగు క్యాన్సర్‌కో, అల్సరేటివ్ కొలైటిస్‌కో ఆపరేషన్ చేసి, పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి కుట్టి, మలం సంచిలోకి పడేలా స్టోమా పెట్టడం ఇవాళ సర్జన్లకు చేయి తిరిగిన పని. ఆ మనిషి మళ్లీ పెళ్లిళ్లకూ యాత్రలకూ బయల్దేరడం మాత్రం ఎన్నో చేతుల పనితనం కలిస్తేనే జరుగుతుంది. ఆ పనితనాన్ని దగ్గరగా చూపించాలనే ఈ వ్యాసం.

ఈ సంచి పుట్టిందే నలుగురిలోకి వెళ్లడం కోసం. 1954లో డెన్మార్క్‌లో ఎలీజ సోరెన్‌సెన్ అనే నర్సు, స్టోమా ఆపరేషన్ అయిన చెల్లెలు థోరా ఎక్కడ కారిపోతుందోనన్న భయంతో గడప దాటకపోవడం చూసింది. ఒంటికి తనంతట తాను అతుక్కుని, వాడాక పారేసే ప్లాస్టిక్ సంచి ఉంటే బావుంటుందని ఆలోచించింది. ప్లాస్టిక్ వస్తువుల తయారీదారు ఆగె లూయీ-హాన్సెన్ మొదట ఒప్పుకోలేదు. ఆయన భార్య యోహానె కూడా నర్సే. ఆ సంచి విలువ ఆమెకు వెంటనే తెలిసింది, భర్తను ఒప్పించింది. 1957లో కోలోప్లాస్ట్ కంపెనీ ఏర్పడింది. ఇద్దరు నర్సుల పట్టుదల లేకపోతే ఆ ఊహ కాగితం మీదే ఉండిపోయేది.

సంచి కన్నా ముందు సర్జన్ సూది గురించి చెప్పాలి. చిన్నపేగు నుంచి వచ్చే ద్రవంలో జీర్ణరసాలుంటాయి, చర్మాన్ని అవి కాల్చేస్తాయి. వెనకటి రోజుల్లో పేగు కొసను చర్మంతో సమానంగా వదిలేస్తే చుట్టూ పుండ్లు పడేవి, పేగు బయటి పొర వాచిపోయేది. 1952లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ సర్జన్ బ్రయాన్ బ్రూక్ ఒక తేలికైన ఉపాయం రాశాడు: చొక్కా చేతిని మడిచినట్టు పేగు కొసను వెనక్కి మడిచి కుట్టడం. లోపలి ఎర్రటి పొర బయటికి వస్తుంది, సుమారు రెండున్నర సెంటీమీటర్ల మూతి నిలబడుతుంది, ద్రవం చర్మాన్ని తాకకుండా నేరుగా సంచిలో పడుతుంది. ఇవాళ్టికీ ఇలియోస్టమీ, అంటే చిన్నపేగు స్టోమా, అలాగే కుడతారు. ఇంత చిన్న మడతతో ఇంత బాధ తీరిన సందర్భాలు వైద్యంలో నాకు ఎక్కువ కనిపించవు.

తరవాతది జిగురు. ఇక్కడ మన అడవులు కథలోకి వస్తాయి. విశాఖ మన్యంలో, నల్లమలలో, ఆదిలాబాద్ అడవుల్లో గిరిజనులు తపసి చెట్టు బెరడుకు గాటు పెట్టి బంక సేకరిస్తారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దీన్ని కొని అమ్ముతుంది. ప్రపంచ మార్కెట్లో దాని పేరు గమ్ కరాయా. కొంచెం వెనిగర్ వాసన వేసే ఈ బంక నీళ్లలో కరిగిపోకుండా ఉబ్బి మెత్తటి ముద్ద అవుతుంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో డాక్టర్ రూపర్ట్ టర్న్‌బుల్ 1950ల్లో ఆ గుణాన్నే పట్టుకున్నాడు. స్టోమా చుట్టూ చర్మానికి తొలి మంచి కవచం తపసి బంకతోనే దొరికింది. చెట్టుకు గాటు పెట్టిన చేతులకు, ఆ బంక ఎవరి పొట్ట మీద పుండు మాన్పుతుందో తెలిసే అవకాశమే లేదు. వాళ్ల పేరు ఈ చరిత్రలో చేరాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

తపసి బంక వేడికి మెత్తబడేది, చిన్నపేగు ద్రవానికి త్వరగా విడిపోయేది. అందుకే తరవాత పెక్టిన్, జెలటిన్, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్‌లను సాగే జిగురులో కలిపిన ఫ్లాంజ్‌లు, అంటే సంచిని ఒంటికి పట్టి ఉంచే బిళ్లలు, వచ్చాయి. ఒంటి చెమటను పీల్చుకుంటూనే పట్టు వదలకపోవడం వాటి గొప్పతనం. అతికించాక అరచేయి కాసేపు అదిమి ఉంచితే ఒంటి వేడికి పట్టు ఇంకా బిగుస్తుంది. రంధ్రం స్టోమా కన్నా రెండు మూడు మిల్లీమీటర్లే పెద్దదిగా కత్తిరించాలి. ఆపరేషన్ తరవాత మొదటి వారాల్లో స్టోమా చిన్నదవుతుంది, కాబట్టి కొలత మళ్లీ మళ్లీ చూసుకోవాలి.

సంచి గోడ కూడా ఒక పొర కాదు. వాసనను ఆపే పొర మధ్యలో, గలగలలాడని మెత్తటి పొరలు ఇరువైపులా, ఒంటికి తగిలే వైపు చెమటకు అంటుకోని బట్ట. పైన చిన్న బొగ్గు ఫిల్టర్ గాలిని వదిలి, గంధకపు వాసనను పట్టి ఉంచుతుంది. తడిస్తే అది పనిచేయదు. అందుకే స్నానానికో ఈతకో ముందు దాని మీద చిన్న స్టిక్కర్ అతికిస్తారు.

ఇక పెళ్లికి వెళ్దాం. ఇలియోస్టమీ ఉన్నవాళ్లకు అన్నం, పెరుగు, అరటిపండు మంచి స్నేహితులు, ద్రవాన్ని చిక్కబరుస్తాయి. పీచు మాత్రం జాగ్రత్త. మునక్కాడ నమిలి పిప్పి ఉమ్మెయ్యాలి. మొక్కజొన్న, పుట్టగొడుగులు, కొబ్బరి ముక్కలు సరిగ్గా నమలకుండా మింగితే పేగుకు అడ్డం పడవచ్చు. వైశాఖ మాసపు ముహూర్తాల్లో ఉత్త నీళ్లు ఎన్ని తాగినా చాలదు, ఎందుకంటే పోయేది నీళ్లతో పాటు ఉప్పు కూడా. ఉప్పేసిన మజ్జిగ, ఓఆర్‌ఎస్ చేతికందేలా ఉండాలి. బీట్‌రూట్ తిన్న మర్నాడు ఎర్రరంగు చూసి కంగారు పడక్కర్లేదు. ఎడమ వైపు కొలోస్టమీ, అంటే పెద్దపేగు స్టోమా, ఉన్న కొందరు డాక్టరు నేర్పిన పద్ధతిలో పొద్దున్నే గోరువెచ్చని నీళ్లతో పేగు కడుక్కుని, ఆ రోజంతా దాదాపు నిశ్చింతగా తిరుగుతారు.

ప్రయాణానికి మామూలుగా పట్టే సామానుకు రెట్టింపు పెట్టుకోవాలి, అదంతా చేతిసంచిలోనే ఉండాలి. ఫ్లాంజ్‌లు ఇంట్లోనే కత్తిరించుకుంటే విమానాశ్రయంలో కత్తెర గొడవ ఉండదు. ఎండలో ఆపిన కారులో పెడితే జిగురు పాడవుతుంది. విమానం ఎక్కే ముందు సంచి ఖాళీ చేసుకోవాలి. మామూలప్పుడు కూడా మూడోవంతు నిండగానే ఖాళీ చేయడం మంచి అలవాటు.

ఇంత పనితనాన్నీ పాడు చేయగలిగింది ఒకటే ఉంది, స్టోమా పెట్టిన చోటు. టర్న్‌బుల్ తన పేషెంటు, స్టోమాతో బతుకుతున్న నార్మా గిల్‌ను 1958లో మిగతా పేషెంట్లకు నేర్పే పనిలో పెట్టాడు. స్టోమా సంరక్షణ నేర్పే వృత్తి అక్కడ మొదలైంది. ఆపరేషన్‌కు ముందే మనిషిని పడుకోబెట్టి, కూర్చోబెట్టి, వంచి, నిలబెట్టి, ముడత పడని చోటు చూసి పొట్ట మీద గుర్తు పెట్టడం ఆ వృత్తిలో అతి సున్నితమైన పని. పాశ్చాత్య పుస్తకాలు బెల్టు గీతను తప్పించమంటాయి. మనకు తప్పించాల్సినవి లంగా బొందు, పంచె ముడి, పంక్తిలో బాసింపట్లు వేసుకున్నప్పుడు పొట్ట పడే మడత, నమాజులో వంగినప్పుడు పడే ఒత్తిడి.

ఫంక్షన్ హాళ్లు, హోటళ్లు నడిపేవాళ్లకు ఒక విన్నపం. మరుగుదొడ్డిలో గోడకు ఒక కొక్కెం, సామాను పెట్టుకునే చిన్న అర, మూత ఉన్న చెత్తబుట్ట, చేతి షవర్ ఉంచండి. స్టోమా ఉన్న అతిథి భోజనాల దాకా ఉండిపోవడానికి అవి చాలు. ఆపరేషన్ తేదీ ముందే తెలిసినవాళ్లకు ఇంకొకటి. పొట్ట మీద గుర్తు ఎవరు పెడతారో డాక్టరుగారిని అడగండి. ఆ రోజు రోజూ కట్టుకునే చీరో పంచో కట్టుకుని వెళ్లండి, అక్కడ నేల మీద ఒకసారి బాసింపట్లు వేసుకుని కూర్చుని చూపించండి.