వంశావళియు సమ్మతియు

తెలుగు కావ్యావతారికలలో కృతిపతి వంశవర్ణనకు పెద్దపీట ఉన్నది. మనుచరిత్రములో తుళువ వంశము చంద్రునితో మొదలై, తుర్వసుని మీదుగా కృష్ణరాయల వరకు తెగని ధారవలె దిగివచ్చును. చరిత్ర అంత సాఫీగా నడువలేదు. కృష్ణరాయల తండ్రి నరసనాయకుడు సాళువ వంశపు బాలరాజునకు సంరక్షకుడై అధికారము నెరపినవాడు. అతని పెద్దకుమారుడు వీరనరసింహుడు 1505లో సాళువులను తొలగించి సింహాసన మెక్కెను. పద్యము ఈ అతుకును కనబడనీయదు. చేజిక్కిన అధికారమును పుట్టుకతో వచ్చినదిగా చూపుటయే అవతారిక పని.

అతుకును కప్పు కవి లేనిచోట బిరుదు ఎట్లు సంక్రమించునో గోదావరి మన్యములోని రంప చెప్పగలదు. అక్కడి ప్రభువు మన్సబుదారు. అతని క్రింద ముఠాదారులు. 1835లో మన్సబుదారు రామభూపతి చనిపోగా, కుమారుని జన్మము ధర్మ్యము కాదను వాదము పుట్టెను. ముఠాదారులు తొలుత కుమార్తెనే అంగీకరించిరి. తగవులు సాగిన పిమ్మట 1848లో కుంపిణీ ప్రభుత్వము కుమారుని నిలుపగా, వారు అతనికి ఏటేటా కొంత సొమ్ము చెల్లింప నొప్పుకొనిరి. ఆ బిరుదునకు ఆధారము రక్తము కాదు, ఒడంబడిక. మన్సబుదారు దానిని మించి పిండెను. కల్లుపై క్రొత్త పన్ను తోడయ్యెను. 1879లో మన్యము తిరుగబడెను. మన్సబుదారీ పోయెను. తిరుగబడినవారిలో పలువురు అండమాను దీవులకు పంపబడిరి. వారి పేర ఏ కవియు వంశావళి వ్రాయలేదు.

తరువాతి కథ ఇంకను గమనింపదగినది. 1922-24 నాటి మన్యపు పోరాటములో అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాము మల్లుదొర అండమాను శిక్ష ననుభవించెను. 1952లో విశాఖపట్టణము నుండి లోకసభకు ఎన్నికయ్యెను. మన్సబుదారు బిరుదులో దాగియున్న సమ్మతి ఇక్కడ వోటు రూపమున బయటపడినది.

అయినంత మాత్రమున అవతారికలను అబద్ధములని త్రోసివేయుట విమర్శ కాదు. ప్రభువు లోకముచే ఏమి నమ్మింపగోరెనో తెలుపుటకు వానిని మించిన సాక్ష్యము లేదు. చిక్కెల్ల ఆ నమ్మకమునే చరిత్రగా స్వీకరించుటలో నున్నది. చారిత్రక నవల వ్రాయువారు నేటికిని కోట లోపలినుండి కథ నారంభింతురు. వారసుడు పుట్టిన క్షణమే వారికి ప్రథమ ప్రకరణము. ముఠాదారులు కూడి, ఇతని నొప్పుకొందమా వలదా యని తర్కించిన రాత్రి ఏ నవలకు ప్రథమ ప్రకరణమైనది? అండమానుకు పోయిన ఓడలో ఏ కథ మొదలైనది? వంశవృక్షమును ఎంత చక్కగా గీసినను, దానిని నిలిపిన నేల ఎవరిదో చెప్పనిచో ఆ రచన సగమే.